ఇల్లు వదలకుండానే రక్షణ

గృహహింస అంటే చట్టం దృష్టిలో ఏమిటి? ఫిర్యాదు ఎవరు చేయొచ్చు, ఎవరి మీద చేయొచ్చు? కోర్టు ఏమేం ఇప్పించగలదు? 2005 నాటి చట్టం, ఆ తర్వాత వచ్చిన తీర్పులు కలిసి బాధిత మహిళకు ఇచ్చిన హక్కుల వివరాలివి.

భారతదేశంలో గృహహింసకు చట్టం నిర్వచనం ఇచ్చింది 2005లో. ‘గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం’ పేరుతో పార్లమెంటు ఆమోదించిన ఆ శాసనంపై అదే ఏడాది సెప్టెంబరు 13న రాష్ట్రపతి సంతకం చేశారు. 2006 అక్టోబరు 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. పెళ్లి, విడాకుల చట్టాలు మతాన్ని బట్టి వేర్వేరుగా ఉన్న ఈ దేశంలో ఇది మాత్రం అన్ని మతాల మహిళలకూ ఒకేలా వర్తిస్తుంది.

అంతకుముందు హింసకు గురైన భార్య ముందు ప్రధానంగా రెండు దారులే ఉండేవి. పోలీసు కేసు పెట్టి భర్తను జైలుకు పంపడం ఒకటి, కాపురం తెంచుకుని విడాకులకు వెళ్లడం రెండోది. ఈ రెండూ కోరుకోని ఆడవాళ్లే ఎక్కువ. చెయ్యి చేసుకోకుండా ఉంటే చాలు, పిల్లలతో సహా ఇంట్లోంచి గెంటకుండా ఉంటే చాలు, నెలకింత ఖర్చులకిస్తే చాలు అనేదే వాళ్ల గోడు. ఆ గోడునంతా ఒకేచోట వినే అధికారం ఏ కోర్టుకూ సూటిగా ఉండేది కాదు. 2005 చట్టం పూడ్చింది ఈ లోటునే. నేరస్థుణ్ని శిక్షించడం కంటే ముందు బాధితురాలికి నీడ, భద్రత, భుక్తి చూపించడం దీని లక్ష్యం.

చట్టం రావడానికి ముందు

వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. కట్నాలు ఆగలేదు, కట్నం చావులూ ఆగలేదు. 1970ల చివర నుంచి మహిళా సంఘాలు చేసిన ఆందోళనల ఫలితంగా 1983లో భారత శిక్షాస్మృతిలో 498-ఎ సెక్షన్ చేరింది. భర్త గానీ, అతని బంధువులు గానీ భార్య పట్ల క్రూరంగా ప్రవర్తిస్తే మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించే సెక్షన్ అది. 1986లో 304-బి వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య అసహజ పరిస్థితుల్లో చనిపోయి, అంతకుముందు కట్నం కోసం వేధించారని తేలితే దాన్ని వరకట్న మరణంగా చూడాలని ఈ సెక్షన్ చెప్పింది.

మహిళలపై అన్ని రకాల వివక్షను రూపుమాపే ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారత్ 1993లో ధ్రువీకరించింది. ఇంట్లో జరిగే హింసపై ప్రత్యేక చట్టం చేయాల్సిన బాధ్యత ఆ ఒప్పందంతో మరింత బలపడింది. ఇందిరా జైసింగ్ నాయకత్వంలోని లాయర్స్ కలెక్టివ్ ఒక ముసాయిదా తయారుచేసి చర్చకు పెట్టింది. 2002లో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లు మాత్రం దానికి చాలా దూరంగా ఉంది. ‘అలవాటుగా’ కొడితేనే గృహహింస అని ఆ బిల్లు చెప్పింది. తనను గానీ తన ఆస్తిని గానీ కాపాడుకోవడానికి చేసిన పని హింస కిందికి రాదంటూ మరో మినహాయింపు ఇచ్చింది. ఎన్ని దెబ్బలు తింటే అలవాటు అవుతుందని మహిళా సంఘాలు నిలదీశాయి. బిల్లు పార్లమెంటరీ స్థాయీ సంఘానికి వెళ్లింది, చివరికి లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. 2005లో కొత్తగా వచ్చిన చట్టంలో ‘అలవాటు’ ఊసే లేదు. ఒక్కసారి జరిగినా హింస హింసే.

నాలుగు రకాల హింస

నిర్వచనమంతా మూడో సెక్షన్‌లో ఉంది. చేసిన పని, చేయాల్సి ఉండీ చేయకపోవడం, ప్రవర్తన - వీటిలో ఏది మహిళ ఆరోగ్యానికి, ప్రాణానికి, భద్రతకు, మానసిక క్షేమానికి హాని కలిగించినా గృహహింసే. హాని జరిగే ప్రమాదం ఉన్నా సరిపోతుంది. ఈ హింసను చట్టం నాలుగు రకాలుగా విడదీసింది.

మొదటిది శారీరక హింస. కొట్టడం, తోయడం, గొంతు పట్టుకోవడం, గాయపరచడంతో పాటు చంపుతానని బెదిరించడం కూడా దీని కిందికే వస్తుంది.

రెండోది లైంగిక హింస. మహిళ గౌరవానికి భంగం కలిగించే, ఆమెను అవమానించే, కించపరిచే లైంగిక ప్రవర్తన ఏదైనా ఇందులో చేరుతుంది. ఇష్టం లేని సంభోగం, బలవంతంగా అశ్లీల చిత్రాలు చూపించడం వంటి వాటిని ఈ చట్టం కింద చేసిన నిబంధనలు ఉదాహరణలుగా పేర్కొన్నాయి. భార్యాభర్తల మధ్య జరిగిందన్న కారణంతో ఇక్కడ ఎలాంటి మినహాయింపూ లేదు.

మూడోది మాటలతో, మానసికంగా పెట్టే హింస. తిట్టడం, హేళన చేయడం, కించపరిచే పేర్లతో పిలవడం దీని కిందికి వస్తాయి. పిల్లలు పుట్టలేదనో, మగపిల్లాడు పుట్టలేదనో ఎత్తిపొడవడాన్ని చట్టమే విడిగా ప్రస్తావించింది. ఆమెకు కావలసినవాళ్లను కొడతామని పదేపదే బెదిరించడమూ ఇందులోదే. ‘నువ్వు నోరెత్తితే మీ తమ్ముడి కాళ్లు విరగ్గొడతా’ అన్న బెదిరింపు తమ్ముడి మీద ఎక్కుపెట్టినదే అయినా చట్టం దృష్టిలో అది అక్కపై హింస.

నాలుగోది ఆర్థిక హింస. ఎక్కువ మందికి తెలియనిది, ఎక్కువ ఇళ్లలో కనిపించేది కూడా ఇదే. చట్టప్రకారమో, ఆచారం ప్రకారమో ఆమెకు దక్కాల్సిన డబ్బు, వస్తువులు దక్కనివ్వకపోవడం, ఇంటి ఖర్చులకు, పిల్లల చదువుకు డబ్బివ్వకపోవడం, ఉంటున్న ఇంటి అద్దె కట్టకపోవడం, ఆమె నగలు, ఆస్తి అమ్మేయడం, కుదువపెట్టడం, ఇంట్లోకి గానీ ఏదో ఒక గదిలోకి గానీ రానివ్వకపోవడం ఇందులోకి వస్తాయి. ఉద్యోగం చేయనివ్వకపోవడం, ఆమె జీతం లాక్కోవడం కూడా ఆర్థిక హింసేనని నిబంధనలు చెబుతున్నాయి.

వీటికి తోడు కట్నం కోసం ఆమెను గానీ, ఆమె తరఫువాళ్లను గానీ వేధించడాన్ని అదే సెక్షన్ గృహహింసలో చేర్చింది. ఏ ఒక్క సంఘటననో విడదీసి తూచకుండా మొత్తం పరిస్థితులను కలిపి చూడాలనీ మేజిస్ట్రేటుకు సూచించింది. కూరలో ఉప్పు తక్కువైందన్న మాట ఒక ఇంట్లో మామూలు విసుగు కావచ్చు, ఇంకో ఇంట్లో రాత్రి పడబోయే దెబ్బలకు ముందుమాట కావచ్చు. ఈ తేడాను కోర్టు గుర్తించాలన్నదే ఆ సూచన సారం.

ఎవరు, ఎవరి మీద

ఇది భార్యల కోసం మాత్రమే చేసిన చట్టం కాదు. రక్తసంబంధం, పెళ్లి, పెళ్లిలాంటి సంబంధం, దత్తత, ఉమ్మడి కుటుంబం - వీటిలో ఏదో ఒక బంధంతో ఒకే ఇంట్లో ఉన్న, లేదా గతంలో ఉన్న మహిళ ఎవరైనా ఆశ్రయించవచ్చు. కొడుకు చేతిలో దెబ్బలు తినే తల్లి, అన్నదమ్ములు గెంటేసిన పెళ్లికాని అక్కచెల్లెళ్లు, భర్త చనిపోయాక అత్తింట్లో నిలవనీడ లేని వితంతువు కూడా దీని కింద దరఖాస్తు చేసుకోవచ్చు. పిల్లలకు కావలసిన ఉత్తర్వులను తల్లి తన దరఖాస్తులోనే కోరవచ్చు.

సహజీవనంలో ఉన్న మహిళకూ రక్షణ ఉంది, కొన్ని షరతులతో. ఇద్దరూ పెళ్లికి తగిన వయసు, అర్హత ఉన్నవాళ్లై ఉండాలి. నలుగురిలో భార్యాభర్తల్లా మెలిగి ఉండాలి. తమంతట తాముగా చెప్పుకోదగినంత కాలం కలిసి బతికి ఉండాలి. 2010లో సుప్రీంకోర్టు పెట్టిన కొలమానాలివి. అవతలి వ్యక్తికి అప్పటికే పెళ్లయిందని తెలిసీ కొనసాగించిన సంబంధం పెళ్లిలాంటిది కాదని 2013లో అదే కోర్టు చెప్పింది. విడాకులు తీసుకున్న మహిళ కాపురంలో ఉన్నప్పటి హింసకు ఇప్పటికీ ఉపశమనం కోరవచ్చని 2014లో తేల్చింది. చట్టం అమల్లోకి రాకముందు జరిగిన హింసనూ లెక్కలోకి తీసుకోవచ్చని 2012లోనే స్పష్టం చేసింది.

ప్రతివాది ‘వయోజనుడైన పురుషుడు’ అయి ఉండాలని చట్టం మొదట్లో చెప్పేది. అత్తగారు, ఆడపడుచు పెట్టే బాధల మాటేమిటన్న వివాదం ఏళ్ల తరబడి నలిగింది. 2016 అక్టోబరులో జస్టిస్ కురియన్ జోసెఫ్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనం ‘వయోజనుడైన పురుషుడు’ అన్న మాటలను రాజ్యాంగ విరుద్ధమంటూ కొట్టేసింది. ఇప్పుడు హింసకు పాల్పడిన ఆడవాళ్ల మీదా దరఖాస్తు చేయవచ్చు. అయితే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపొమ్మనే ఉత్తర్వును మాత్రం ఏ మహిళ మీదా ఇవ్వకూడదన్న నియమం అలాగే ఉంది.

పురుషులు ఈ చట్టం కింద దరఖాస్తు చేయలేరు. భార్య క్రూరత్వం విడాకులకు కారణమవుతుంది. గాయపరిస్తే సాధారణ నేరచట్టం ఉంది. పిల్లలు పట్టించుకోని వృద్ధ తల్లిదండ్రులకు 2007 నాటి పోషణ, సంక్షేమ చట్టం ఉంది.

ఇల్లు ఎవరిది?

చట్టానికి గుండెకాయ 17వ సెక్షన్. కలిసి కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు మహిళకు ఉంటుంది. ఆ ఇంటి కాగితాల్లో ఆమె పేరు ఉన్నా లేకపోయినా తేడా లేదు. చట్టబద్ధమైన పద్ధతిలో తప్ప ఆమెను బయటికి పంపడానికి వీల్లేదు. ఇది ఆమెను ఇంటికి యజమానిని చేయదు, అమ్ముకునే హక్కూ ఇవ్వదు. తలదాచుకునే హక్కు మాత్రమే ఇస్తుంది.

చట్టం వచ్చిన కొద్ది వారాలకే ఈ హక్కుకు పెద్ద గండి పడింది. 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఇల్లు భర్త సొంతమో, అతను అద్దెకు తీసుకున్నదో, అతనికి వాటా ఉన్న ఉమ్మడి ఆస్తో అయితేనే కోడలికి నివాసహక్కు ఉంటుందని చెప్పింది. ఇల్లు అత్తగారి పేరనో, మామగారి పేరనో ఉంటే కోడలు బయటికి వెళ్లాల్సిందే. పెళ్లయ్యాక కోడలు కాలుపెట్టేది చాలావరకు అత్తమామల పేరనున్న ఇంట్లోనే. దాంతో ఇల్లు భర్తది కాదని ఒక దస్తావేజు చూపిస్తే సరిపోయేది.

ఈ పరిస్థితి మారడానికి 14 ఏళ్లు పట్టింది. 2020 అక్టోబరు 15న జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ ఆర్.సుభాష్ రెడ్డి, జస్టిస్ ఎం.ఆర్.షాల ధర్మాసనం పాత తీర్పు తప్పని ప్రకటించింది. కోడలు స్థిరంగా కాపురమున్న ఇల్లు మామగారిదైనా సరే, ఆమెకు నివాసహక్కు ఉంటుందని చెప్పింది. అయితే ఈ హక్కుకు హద్దులున్నాయి, వయసు మళ్లిన అత్తమామల ప్రశాంతతనూ కోర్టు చూడాలి. అవసరమైతే కోడలికి వేరే వసతి చూపించమని ఆదేశించవచ్చు. అదే ఏడాది డిసెంబరులో ఇంకో తీర్పు వచ్చింది. వృద్ధుల సంక్షేమ చట్టాన్ని అడ్డం పెట్టుకుని కోడలి నివాసహక్కును దెబ్బతీయడం కుదరదని సుప్రీంకోర్టు అందులో పేర్కొంది. 2022 మే నెలలో మరో అడుగు పడింది. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఒక్కరోజైనా ఉండని మహిళకు కూడా అక్కడ నివసించే హక్కు ఉంటుందని, దరఖాస్తు నాటికి ఆమె అక్కడే ఉండి తీరాలన్న నియమమేదీ లేదని ఆ తీర్పు చెప్పింది.

ఏ హింసకు ఆ ఉత్తర్వు

నిర్వచనంలోని ప్రతి రకం హింసకూ చట్టంలో దానికి తగ్గ ఉత్తర్వు ఉంది. మేజిస్ట్రేటు అయిదు రకాల ఉత్తర్వులు ఇవ్వగలరు.

దెబ్బలకు, బెదిరింపులకు విరుగుడు రక్షణ ఉత్తర్వు. హింసకు పాల్పడవద్దని, ఆమె పనిచేసే చోటికి, పిల్లల బడికి వెళ్లవద్దని, ఫోన్లు, మెసేజ్‌లతో సహా ఏ రకంగానూ ఆమెను సంప్రదించవద్దని ఆదేశించవచ్చు. బ్యాంకు ఖాతాలు, లాకర్లు తెరవకుండా, ఆస్తులు అమ్మకుండా కూడా ఈ ఉత్తర్వుతోనే కట్టడి చేయవచ్చు. ఆమె వచ్చి ఇక అవసరం లేదని చెప్పేదాకా ఇది అమల్లోనే ఉంటుంది.

ఇంట్లోంచి గెంటేయడానికి విరుగుడు నివాస ఉత్తర్వు. ఆమెను కదిలించవద్దని, అవసరమైతే భర్తనే బయటికి వెళ్లమని, లేదంటే అదే స్థాయి ఇల్లు చూపించి అద్దె కట్టమని ఆదేశించవచ్చు. స్త్రీధనం తిరిగి ఇప్పించేదీ ఇందులోనే. పుట్టింటివారు పెట్టిన బంగారం, సారె సామాను, పెళ్లిలో వచ్చిన కానుకలు, పసుపు కుంకుమల కింద రాసిచ్చిన భూమి ఆమె సొంతం. భర్త గానీ, అత్తమామలు గానీ వాటిని దాచిపెట్టే సంరక్షకులే తప్ప హక్కుదారులు కారని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అడిగినా ఇవ్వకుండా అట్టిపెట్టుకున్నంత కాలం అది కొనసాగే నేరమని 2015లో మళ్లీ గుర్తుచేసింది.

డబ్బు ఆపేయడానికి విరుగుడు ఆర్థిక ఉపశమనం. వైద్య ఖర్చులు, పోయిన సంపాదన, పాడుచేసిన ఆస్తి విలువ, ఆమెకూ పిల్లలకూ మనోవర్తి దీని కిందికి వస్తాయి. ఆ మొత్తం ఆమె అలవాటుపడిన జీవనస్థాయికి తగ్గట్టు ఉండాలి. భర్త ఎగ్గొడితే అతని జీతం నుంచి నేరుగా కట్టమని యజమానిని ఆదేశించవచ్చు. భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్లు దాఖలు చేయాలని, మనోవర్తిని దరఖాస్తు చేసిన తేదీ నుంచి లెక్కగట్టాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. జీతం దాచి ‘నాకేమీ లేదు’ అనే వాదనకు కళ్లెం వేయడానికే ఈ అఫిడవిట్లు.

నాలుగోది పిల్లల తాత్కాలిక కస్టడీ. అయిదోది పరిహారం. పడిన మానసిక వేదనకు పైన చెప్పిన వాటన్నింటికీ అదనంగా దీన్ని ఇప్పిస్తారు. పరిస్థితి తీవ్రంగా ఉంటే అవతలివారి వాదన వినకముందే, బాధితురాలి అఫిడవిట్ ఆధారంగా మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు.

దరఖాస్తు నుంచి ఉత్తర్వు దాకా

బాధితురాలే ముందుకు రావాలన్న నియమం లేదు. పక్కింటివాళ్లు, బంధువులు, టీచరు, అంగన్‌వాడీ కార్యకర్త ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారిపై ఏ కేసూ నిలవదు. సమాచారం అందాల్సింది రక్షణాధికారికి. చట్టం కోసం రాష్ట్ర ప్రభుత్వాలు నియమించే అధికారి ఈయన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టర్లకు ఈ బాధ్యత అప్పగించారు.

రక్షణాధికారి మొదట చేసే పని గృహహింస సంఘటన నివేదిక రాయడం. అందరూ డీఐఆర్ అనే ఈ పత్రంలో హింస రకాలు గళ్లుగా ఉంటాయి. ఒక్కో దాని ఎదురుగా గుర్తు పెట్టి ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేశారో రాయాలి. కొట్టడం, తన్నడం వంటివే ఉంటాయనుకుంటే పొరపాటు. ‘కట్నం తేలేదని అవమానించడం’, ‘ఇంట్లోంచి బయటికి వెళ్లనివ్వకపోవడం’, ‘ఫలానా వ్యక్తిని కలవనివ్వకపోవడం’, ‘తిండి, బట్టలు, మందులు ఇవ్వకపోవడం’, ‘చెప్పకుండా స్త్రీధనం తాకట్టు పెట్టడం’, ‘జీతం బలవంతంగా లాక్కోవడం’ వంటి వాటితో పాటు ‘కరెంటు బిల్లులాంటివి కట్టకపోవడం’ కూడా అందులో ఒక గడి. చివర్లో ఏ ఉత్తర్వులు కావాలో, ఏ సాయం కావాలో ఆమెనే గుర్తు పెట్టమంటారు. నోటితో చెప్పుకోలేని సంగతిని గడిలో గుర్తుపెట్టి చూపించే వీలు ఈ పత్రం కల్పిస్తుంది.

నివేదిక లేకపోతే కోర్టుకు వెళ్లకూడదని కాదు. మహిళ సొంతంగా గానీ, లాయరు ద్వారా గానీ నేరుగా మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయవచ్చు, నివేదిక లేదన్న కారణంతో ఉత్తర్వు ఆపనక్కర్లేదని 2022 మే తీర్పే చెప్పింది. హింస జరిగి ఏడాది దాటిందంటూ దరఖాస్తును తోసిపుచ్చడం కుదరదని అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన తీర్పు స్పష్టం చేసింది. ఎక్కడ వేయాలన్నదీ ఆమె ఇష్టమే. పుట్టింటికి వచ్చేసినా, హాస్టల్లో తలదాచుకున్నా, ఉద్యోగం చేసుకుంటున్నా ఆ ఊరి కోర్టులోనే వేయవచ్చు. తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో ‘డీవీసీ’ పేరుతో నంబరు పడేవి ఈ దరఖాస్తులే.

మొదటి విచారణ మూడు రోజుల్లోపు జరగాలని, దరఖాస్తును 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం చెబుతోంది. కోరితే విచారణను తలుపులు మూసి జరుపుతారు. మేజిస్ట్రేటు కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, అయితే అది పెద్దల పంచాయితీ కాదు. ‘ఆమె అలా చేసింది కాబట్టే కొట్టాను’ అనే సమర్థనను కౌన్సెలింగ్‌లో వినకూడదని నిబంధనల్లోనే ఉంది. ఆమె కోరితేనే రాజీ ప్రయత్నం జరగాలి. ఉత్తర్వు నచ్చనివారు 30 రోజుల్లోపు సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

ఉత్తర్వు మీరితే

గృహహింస దరఖాస్తు వేయగానే భర్తను అరెస్టు చేస్తారన్న భయం జనంలో చాలా ఉంది. అది నిజం కాదు. ఈ విచారణ ప్రధానంగా సివిల్ స్వభావం ఉన్నదని 2016లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. జైలు ప్రసక్తి వచ్చేది కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించినప్పుడే. దానికి ఏడాది వరకు జైలు, లేదా రూ.20 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. ఆ నేరంలో పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కుగా రాదు. బాధితురాలి సాక్ష్యం ఒక్కటే అయినా, నమ్మదగినదైతే నేరం రుజువైనట్టే కోర్టు భావించవచ్చు. కారణం లేకుండా కోర్టు ఆదేశాలు అమలు చేయని రక్షణాధికారికీ ఇదే శిక్ష ఉంది.

క్రిమినల్ కేసు దారి వేరు. పాత 498-ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది, 2024 జులై 1 నుంచి ఇవే అమల్లో ఉన్నాయి. వరకట్న మరణం 80వ సెక్షన్ కిందికి వచ్చింది. ఇందులో ఎఫ్ఐఆర్, దర్యాప్తు, నేర నిరూపణ అవసరం. ఆరోపణ రాగానే అరెస్టు చేయకూడదని, ఎందుకు అవసరమో పోలీసులు రాతపూర్వకంగా చెప్పాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. గృహహింస దరఖాస్తు, క్రిమినల్ కేసు, విడాకుల కేసు ఒకేసారి నడవవచ్చు, ఒకటి వేస్తే ఇంకోటి వేయకూడదన్నదేమీ లేదు. మనోవర్తి ఒక కోర్టులో వస్తుంటే రెండో కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

ఒకచోట మాత్రం రెండు చట్టాల మధ్య ఖాళీ మిగిలింది. భార్యపై లైంగిక బలవంతాన్ని 2005 చట్టం హింసగా గుర్తించి ఉపశమనం ఇస్తుంది. నేరచట్టం మాత్రం 18 ఏళ్లు నిండిన భార్య విషయంలో దాన్ని అత్యాచారంగా గుర్తించదు. ఈ మినహాయింపుపై 2022 మే 11న ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పు ఇవ్వడంతో వివాదం సుప్రీంకోర్టుకు చేరింది.

సముద్రాల అవతల

పెళ్లయ్యాక విదేశాలకు వెళ్లే తెలుగు ఆడపిల్లలకు హింసతో పాటు వీసా భయం కూడా తోడవుతుంది. అమెరికాలో ఉద్యోగ వీసాపై ఉన్న భర్త వెంట హెచ్-4 వీసాతో వెళ్లిన భార్య ‘ఫిర్యాదు చేస్తే తిప్పి పంపేస్తారు’ అన్న బెదిరింపుకు లొంగిపోతుంటుంది. అక్కడి కోర్టులు రక్షణ ఉత్తర్వు ఇవ్వడానికి వీసా స్థాయిని అడ్డంకిగా చూడవు. హింసకు గురైన హెచ్-4 భార్యకు సొంతంగా ఉద్యోగానుమతి కోరే వీలును అమెరికా కాంగ్రెస్ 2005 నాటి సవరణతో కల్పించింది, 2017 నుంచి ఆ దరఖాస్తులు తీసుకుంటున్నారు. భర్త పౌరుడో, గ్రీన్‌కార్డుదారో అయితే అతని ప్రమేయం లేకుండానే ఆమె గ్రీన్‌కార్డు ప్రక్రియ మొదలుపెట్టుకోవచ్చు. బ్రిటన్‌లో అదుపాజ్ఞల్లో పెట్టి వేధించడం 2015 నుంచి నేరం. ఆర్థిక హింసను చట్ట నిర్వచనంలోకి 2021లో తెచ్చారు. స్వదేశానికి తిరిగొచ్చేసిన మహిళ, భర్త విదేశంలోనే ఉన్నా, తాను ఉంటున్న ఊళ్లో గృహహింస దరఖాస్తు వేసుకోవచ్చు.

కాగితం మీద, ఇంట్లో

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 18-49 ఏళ్ల మధ్య పెళ్లయిన మహిళల్లో భర్త హింసను ఎప్పుడో ఒకప్పుడు చవిచూసినవారు దేశంలో 29.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం. భర్త భార్యను కొట్టడానికి ఏదో ఒక సందర్భంలో న్యాయం ఉందని చెప్పిన మహిళలు రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం. హింసకు గురైనవారిలో సాయం కోరింది దేశం మొత్తమ్మీద 14 శాతమే. ‘సర్దుకుపో’ అన్న సలహా పుట్టింట్లోనే మొదలవుతుంది కాబట్టి చట్టం దాకా వచ్చేవారు అతికొద్దిమంది.

వచ్చినవారికీ 60 రోజుల మాట ఆచరణలో దక్కడం లేదు. 2022 జులై నాటికి దేశవ్యాప్తంగా 4.71 లక్షలకు పైగా గృహహింస దరఖాస్తులు పెండింగులో ఉన్నట్టు సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్కలు చెబుతున్నాయి. నోటీసులు అందకపోవడం, భర్త వాయిదాలకు రాకపోవడం, మనోవర్తి బకాయిల కోసం మళ్లీ మళ్లీ వారంటు అడగాల్సి రావడం ఈ జాప్యానికి కారణాలు. రక్షణాధికారి పోస్టును చాలా రాష్ట్రాలు వేరే అధికారులకు అదనపు బాధ్యతగా అప్పగించాయి. పది పనుల మధ్య ఇది పదకొండో పనైపోయింది. ఈ పరిస్థితిపై 2025 మే 20న సుప్రీంకోర్టు స్పందించింది. జిల్లా, తాలూకా స్థాయుల్లో మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులను గుర్తించి, రక్షణాధికారులు లేని చోట్ల ఆరు వారాల్లోగా నియమించాలని రాష్ట్రాలను ఆదేశించింది. చట్టం గురించి విస్తృతంగా ప్రచారం చేయాలనీ చెప్పింది. ప్రచారం చేయాల్సిన బాధ్యత ప్రభుత్వాలదేనని చట్టంలోని 11వ సెక్షన్ మొదటి నుంచీ చెబుతూనే ఉంది.

సాయం ఎక్కడ?

- ప్రాణాపాయం ఉంటే 112. మహిళల హెల్ప్‌లైన్ 181. పిల్లల కోసం 1098. వృద్ధుల కోసం 14567.
- ఉచిత న్యాయసహాయానికి 15100. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మండల, జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో అడగవచ్చు.
- జిల్లా కేంద్రాల్లోని సఖి వన్‌స్టాప్ కేంద్రాల్లో వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు సాయం, తాత్కాలిక వసతి ఒకేచోట దొరుకుతాయి.
- గాయాలతో వెళ్తే ఆసుపత్రి చికిత్స నిరాకరించకూడదు, డీఐఆర్ లేదన్న సాకు చెల్లదు. వసతి గృహంలో చేరినవారి వివరాలు కోరితే గోప్యంగా ఉంచాలి.
- పోలీస్ స్టేషనుకు వెళ్తే రక్షణాధికారి గురించి, ఉచిత న్యాయసహాయం గురించి, క్రిమినల్ కేసు పెట్టే హక్కు గురించి చెప్పడం పోలీసుల విధి.
- దగ్గర ఉంచుకోవాల్సినవి: వైద్యుల చీటీలు, గాయాల ఫొటోలు, మెసేజ్‌లు, పెళ్లి ఫొటోలు, నగల రసీదులు, స్త్రీధనం జాబితా, భర్త జీతం వివరాలు, పిల్లల ఫీజు రసీదులు. ఇవేవీ లేకపోయినా దరఖాస్తు వేయడానికి అడ్డు లేదు.
- ఉత్తర్వు వచ్చాక దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. ఒక నకలు స్థానిక పోలీస్ స్టేషనుకూ వెళ్తుంది. మళ్లీ చెయ్యి లేస్తే ఫిర్యాదుకు ఆ కాగితమే ఆధారం.